పరిశీలించడమైనది

మండల విద్యాశాఖాధికారిగా పనిచేసిన ఏళ్ళలో నేను పైకి పంపిన నివేదికలు ఎన్నో నాకే తెలియదు. వాటిలో ఒక్కదాంట్లోనూ నేను లేను. పాఠశాలను సందర్శించడమైనది. రికార్డులను పరిశీలించడమైనది. తగు సూచనలు ఇవ్వడమైనది. ఎవరు వెళ్ళారు, ఎవరు చూశారు, ఎవరు సూచించారు? ఆ వాక్యాల్లో మనిషి ఉండడు. పని దానంతటదే అయిపోతూ ఉంటుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ఈ భాష మొదటి వారంలోనే పట్టుబడి ఉంటుంది. అది ఎంత హాయి భాషో నాకు బాగా తెలుసు. నా సర్వీసంతటిలోకీ పెద్ద తప్పు నేను ఆ భాషలోనే చేశాను. ఒప్పుకుందామని కూర్చున్నప్పుడు మాత్రం ఆ భాష నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

ఇది నేను గొప్పగా చెప్పుకునే కథ కాదు. అలాగని సిగ్గుతో తల దించుకుని చెప్పేదీ కాదు. తల దించుకోవాల్సిన రోజు దించుకున్నాను, ఇప్పుడు ఎత్తుకునే చెప్తున్నాను.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. మా మండలంలో క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌గా ఒకాయన ఉండేవాడు. సీఆర్‌పీ అంటాం. కొన్ని బళ్ళు తిరిగి వాటి వివరాలు తెచ్చి మా ఆఫీసుకిచ్చే కాంట్రాక్టు ఉద్యోగం. గుంటూరు వైపు మనిషి. యూదుడు. అచ్చం మనలాగే గోంగూర తిని, మనలాగే తెలుగులో తిట్టే యూదుడు. ఆ వైపు అలాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయని అతను చెప్పేదాకా నాకూ తెలియదు. నేను క్రైస్తవురాలిని, లేవీయకాండం చిన్నప్పుడే చదివినదాన్ని, అయినా యూదులంటే బైబిల్లోనే ఉంటారనుకునేదాన్ని. అతను శనివారం పని ముట్టడు. మా డిపార్ట్‌మెంటులో మీటింగులన్నీ శనివారాలే. అదెంత గొడవో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆదివారం నేను చర్చిలో ఉన్నప్పుడు అతను ఆఫీసు వరండాలో కూర్చుని ముందురోజు పని పూర్తి చేసేవాడు. అందరూ 'శనివారం సారు' అనేవాళ్ళు. అతను ఏమీ అనుకునేవాడు కాదు.

ఏటా వానాకాలం చివర అతనికొక ఉపవాస దినం వచ్చేది. ప్రాయశ్చిత్త దినం. దానికి ముందు పది రోజుల్లో ఆఫీసులో టేబులు టేబులుకీ వెళ్ళి, "ఈ ఏడాది నా వల్ల మీకేమైనా కష్టం కలిగిందా? కలిగుంటే చెప్పండి, క్షమించమని అడగడానికొచ్చాను" అనేవాడు. జనం నవ్వేవారు. మా అటెండరు అయితే, "నా టీ తాగి గ్లాసు కడగలేదు సారూ. పో, క్షమించినా" అని అతని భుజం తట్టేవాడు. అతను నవ్వకుండా దండం పెట్టి తర్వాతి టేబులుకి వెళ్ళేవాడు.

మొదటి ఏడాది నేను ఊరుకోలేక అడిగాను. "దేవుడి దగ్గర ఒప్పుకుంటే చాలదా? మేము ప్రతి ఆదివారం ఒప్పుకుంటాం, మధ్యాహ్నానికి హాయిగా బిర్యానీ తింటాం" అన్నాను.

"దేవుడికి చేసింది దేవుడు క్షమిస్తాడు మేడమ్. మనిషికి చేసింది ఆ మనిషే క్షమించాలి. అందులో దేవుడు కూడా వేలు పెట్టడని మా పెద్దలు చెప్తారు."

"వాళ్ళు క్షమించకపోతే?"

"మళ్ళీ వెళ్ళాలి. మూడుసార్లు మనసారా అడగాలి. మూడోసారి కూడా కాదంటే ఇంక అడిగినవాడి మీద భారం లేదంటారు." ఇంకో మాట కూడా చెప్పాడు. "ప్రార్థనలో అందరం కలిసి 'మేము తప్పు చేశాం' అంటాం. మనిషి ముందుకెళ్ళి నిలబడ్డప్పుడు 'మేము' చెల్లదు. 'నేను' అనాలి."

బాగుందయ్యా అన్నాను. పక్కింటావిడ కొత్త పచ్చడి గురించి చెప్తే అన్నట్టే అన్నాను. అక్కడితో మర్చిపోయాను.

ఇక బడి సంగతి. మా మండలానికి తూర్పు కొసన, సముద్రానికీ బకింగ్‌హాం కాలువకీ మధ్య ఒక పాలెం ఉంది. పట్టపోళ్ళ ఊరు, సముద్రంలో చేపల వేట మీద బతికేవాళ్ళు. కొందరు మగవాళ్ళు ముత్తుకూరు వైపు పోర్టు పనులకి పోయి నెలకోసారి వస్తారు. కాలువని అక్కడ ఉప్పు కాలువ అంటారు. ఆ ఊళ్ళో ఒక గది, ఒక వరండా ఉన్న ప్రాథమిక పాఠశాల ఉండేది. రేకుల కప్పు, ఒకవైపు రేకు గాలికి లేచిపోతే బస్తాలు కుట్టి కట్టారు. మరుగుదొడ్డి ఉంది, నీళ్ళు లేవు. బోర్డుకి రంగు లేక, టీచరమ్మే పాత బ్యాటరీల మసి, ఆకుపసరు కలిపి పూసేది. స్కూలు గ్రాంటు చేతికందేసరికి వేసవి సెలవులు వచ్చేవి. ఇంకో టీచర్నివ్వమని ఆమె ఎన్ని అర్జీలు పెట్టిందో. ప్రతి అర్జీ మీదా నేను 'పరిశీలనార్థం పైకి పంపడమైనది' అని రాసి పంపాను. పద్నాలుగు మంది పిల్లలుండేవారు.

ఒక వేసవిలో, పిల్లలు తక్కువగా ఉన్న బళ్ళని దగ్గర్లోని బళ్ళలో కలపమని ఉత్తర్వు వచ్చింది. కిలోమీటరు లోపు వేరే బడి ఉంటే చాలు. ఫోన్లో మ్యాపు చూస్తే కాలువ అవతలి ఊరి బడి తొమ్మిది వందల మీటర్లు. ఫారంలో పదో గడి ఒకటుంది: మార్గమధ్యంలో కాలువ, వాగు వంటి సహజ అవరోధాలు ఉన్నవా? మా సీఆర్‌పీ ఆ గడిలో 'ఉన్నది, కాలువ' అని రాసి పంపాడు. నేను వెంటనే ఫోన్ చేశాను.

"పడవ ఉందిగా అక్కడ?"

"ఉంది మేడమ్. పడవాయనకి వేట లేని రోజు ఉంటుంది."

"దాటే వీలుంటే అది అవరోధం ఎట్లా అవుతుంది? 'లేవు' అని దిద్దు."

"వంతెన మీదుగా చుట్టూ తిరిగిపోవాలంటే ఆరు కిలోమీటర్లు మేడమ్. మీరొకసారి వచ్చి చూస్తే..."

"సాయంత్రం అయిదుకి లిస్టు పోవాలయ్యా. 'ఉన్నది' అని రాస్తే తహసీల్దారు, ఇంజనీరు, నేను ముగ్గురం కలిసి వెళ్ళి చూడాలి, ఫోటోలు తీయాలి. ఎప్పుడు తెమిలేది?"

 "సరే మేడమ్" అన్నాడు. 'ఉన్నది, కాలువ' కొట్టేసి 'లేవు' అని రాశాడు. దాని కింద 'క్షేత్రస్థాయిలో పరిశీలించడమైనది' అని ముందే అచ్చేసి ఉంది. నేను సంతకం చేశాను.

నేను రాక్షసిని కాదు. ఆ రేకుల గదిలో ఒక్క టీచరుతో ఏం చదువుతారు, అవతల బళ్ళో ముగ్గురు టీచర్లున్నారు, పిల్లలకి మంచే జరుగుతుందని నిజంగానే అనుకున్నాను. ఈ మాట మీకు ఎందుకు చెప్తున్నానంటే, మీరు కూడా సంతకం పెట్టే ముందు సరిగ్గా ఇలాగే అనుకుంటారు.

జూన్లో పాలెం పిల్లలు పడవెక్కి అవతలి బడికి వెళ్ళారు. జులై అంతా వెళ్ళారు. ఆగస్టులో వానకి పడవ అంచు దాకా నీళ్ళొచ్చి ఒక పక్కకి ఒరిగింది. పిల్లలు మొలలోతు నీళ్ళలో పడ్డారు, ఎవరికీ ఏమీ కాలేదు. పుస్తకాల సంచులు పోయాయి. మర్నాటి నుంచి ఆడపిల్లల్ని ఎవరూ పంపలేదు, మగపిల్లలు ఇష్టమైతే వెళ్ళేవారు. పాలెం బళ్ళో వలలు పెట్టుకున్నారు. ఈ సంగతి నా చెవిన పడింది. హాజరు పెంచమని అవతలి బడి హెడ్మాస్టరుకి మెమో ఇవ్వడమైనది.

ఏడాది గడిచింది. మరుసటి సంవత్సరం బడి మానేసిన పిల్లల సర్వే వచ్చింది. మా సీఆర్‌పీ పాలెం వెళ్ళి, ఎండుచేపల దగ్గర కూర్చున్న ఒక పిల్ల పేరు రాసుకున్నాడు. నాలుగో తరగతిలో రెండు నెలలు చదివి మానేసింది. మానేసిన కారణం ఏమిటని తల్లిని అడిగితే, "కాలవ" అంది.

అతను ఆ ఫారం తెచ్చి నా టేబులు మీద పెట్టాడు. కారణం గడి ఖాళీగా ఉంది.

"ఏం రాయమంటారు మేడమ్? పోయినేడు కాలువే లేదని రాశాం."

'తల్లిదండ్రుల నిరాసక్తత' అని రాయి, ఆ గడిలో అందరూ రాసేది అదే, అన్నాను. చూశారా, రెండోసారి కూడా అన్నాను. ఈసారి అతను రాయలేదు. ఆ గడి ఖాళీగానే పైకి పోయింది.

ఉపవాసం దగ్గరపడింది. మామూలుగానే టేబులు టేబులుకీ తిరిగి చివర నా గదిలోకి వచ్చాడు. అడగాల్సింది అడిగాడు. ఏమీ లేదు పోవయ్యా అన్నాను. అతను వెళ్ళలేదు.

"పోయినేడు కూడా ఉపవాసమున్నాను మేడమ్. కడుపు మాడింది తప్ప ఇంకేం జరగలేదు. రేపు పాలెం వెళ్తున్నాను. దిద్దింది నేనేనని చెప్పడానికి."

నాకు ఒళ్ళు మండింది. "వెళ్ళి ఏం చేస్తావు? అర్జీలు పెడతారు, పేపర్లో వేస్తారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి చాలా దురదగా ఉంది మేడమ్. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదంతే" అన్నాడు.

వెళ్ళాడు. చెప్పాడు. ఎవరు దిద్దమన్నారని ఆడవాళ్ళు గట్టిగా అడిగితే, నా తప్పు వరకే చెప్పుకోవడానికొచ్చానని ఊరుకున్నాడట. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది. చెప్పకపోవడంతో ఇంకా ఎక్కువ వచ్చింది. ఊళ్ళో గొడవ ముదరకుండా సర్దిచెప్పి వద్దామని మర్నాడు నేనే బయల్దేరాను. క్షమాపణ అడగడానికి కాదు. నిజం చెప్తున్నాను, నోరు మూయించడానికే వెళ్ళాను.

కాలువ గట్టు మీద నిలబడ్డాను. అవతల పాలెం రేకులు కనిపిస్తున్నాయి, పిలిస్తే పలికేంత దూరం. పడవ లేదు. పడవాయన వేటకెళ్ళాడు. ఎండలో గొడుగేసుకుని ముప్పావుగంట నిలబడ్డాక పాలెం మనిషి ఒకతను తన తెప్ప తెచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తుకుని, అతని భుజం పట్టుకుని ఎక్కాను. దిగేటప్పుడు మోకాలిదాకా బురద. ఫోన్లో ఉన్న తొమ్మిది వందల మీటర్లు దాటడానికి నాకు గంటన్నర పట్టింది. నాకు అప్పుడు యాభై తొమ్మిది. బడి మానేసిన ఆ పిల్లకి తొమ్మిది.

ఆ పిల్ల తల్లి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. చేపలు తీసుకుని కావలి దాకా పోయి అమ్ముకొచ్చే మనిషి. నన్ను చూసి లేవలేదు. నేనెవరో చెప్పుకుని, "పొరపాటు జరిగిందమ్మా" అన్నాను.

"జరిగిందంటే ఏంది మేడమ్? వాన పడింది, గాలి కొట్టింది అన్నట్టు చెప్తా ఉండావే. ఎవురు చేసినారు?"

"ఆఫీసులో వివరాలు పంపేటప్పుడు..."

"ఆఫీసుకి చేతులుండాయా? నిన్న ఆ సారు వచ్చినాడు. నేనే దిద్దినా అన్నాడు. ఎవురు దిద్దమన్నారంటే మాత్రం నోరు తెరవలా. నువ్వేనా?"

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా మీటింగుల్లో మాట్లాడిన మనిషిని. ఒక్క చిన్న మాట నోట్లోంచి రావడానికి అంతసేపు పడుతుందని అనుకోలేదు. "నేనే" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది. "నేనే దిద్దించాను. వచ్చి చూడలేదు. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె చేపలు తిరగేస్తూనే ఉంది. "క్షమించను" అంది. "క్షమించినా అన్నాననుకో, నువ్వు ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటావు. నా బిడ్డ ఈడ్నే కూచోనుంటాది. కాగితంలో కాలవ లేదన్నావు గదా. ఉండాదని రాసియ్యి ముందు. ఏడిస్తే బడి తెరుస్తారా?"

రాద్దామని ఆఫీసుకొచ్చి కూర్చుంటే రెండు రోజులు పట్టింది. నా పెన్ను దానంతటదే 'వెళ్ళడం జరగలేదు' అని రాస్తుంది. కొట్టేసి 'నేను వెళ్ళలేదు' అని రాస్తాను. తర్వాతి వాక్యంలో మళ్ళీ 'నమోదు కావడమైనది' అని వస్తుంది. అలవాటు ఎముకల్లోకి పోయింది. మా సీనియర్ అసిస్టెంటు ఆ చిత్తుకాగితాలు చూసి గాబరాపడ్డాడు. మంచివాడు, నా మేలు కోరేవాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు మేడమ్. తొక్కారు, సరే. కాలు కడుక్కోడానికి ఊరందర్నీ పిలవాలా? రిటైర్మెంటు ఏడు నెలల్లో ఉంది. 'సాంకేతిక కారణాల వల్ల పదో గడి వివరాలు తప్పుగా నమోదు కావడమైనది, సవరించగలరు' అని నేను టైపు చేసిస్తా. బడీ తెరుస్తారు, మీకూ ఏం కాదు."

"బడి తెరవరు. సాంకేతిక కారణం ఎప్పుడు తీరుతుందో కనుక్కోమని మళ్ళీ మనకే రాస్తారు. ఎన్ని చూడలేదు మనం?" అన్నాను. అతను తల గోక్కున్నాడు. అది నిజమని నాకంటే అతనికే బాగా తెలుసు.

చివరికి రాసింది ఇది. ఆ పాఠశాలకు నేను వెళ్ళలేదు. కాలువ ఉన్నదని మా సీఆర్‌పీ సరిగానే రాశారు. 'లేవు' అని నేను దిద్దించాను. పరిశీలించినట్టు సంతకం చేశాను, పరిశీలించలేదు. అందువల్ల పద్నాలుగు మంది పిల్లల బడి మూతపడింది. దానిని తిరిగి తెరవవలసిందిగా కోరుతున్నాను.

ఒక నకలు తీసుకుని మళ్ళీ పాలెం వెళ్ళాను. ఆ తల్లికి చదివి వినిపించాను. ఆమెకి మీదా కిందా చూపించి, నా సంతకం ఏదో చెప్పి, మళ్ళీ క్షమించమని అడిగాను. "రాసినావు, బాగుండాది. బడేది?" అంది. రెండోసారి అలా అయింది.

మా సీఆర్‌పీకి మాత్రం ఆ కాగితం నచ్చలేదు. "మీరు నా తప్పు కూడా తీసేసుకున్నారు మేడమ్. 'సరిగానే రాశారు' అని రాస్తే ఎట్లా? కొట్టేసి దిద్దింది నా చెయ్యి."

"నీది కాంట్రాక్టు ఉద్యోగమయ్యా. ఊడుతుంది."

"ఊడేది నాది. మీకెందుకు?"

గది బయట నలుగురూ వింటుండగానే పోట్లాడుకున్నాం. తప్పు నాదంటే నాదని ఇద్దరు కొట్టుకోవడం మా డిపార్ట్‌మెంటులో అదే మొదటిసారి అయ్యుంటుంది. అతను తన కాగితం తనే రాసి వేరే పంపుకున్నాడు. నేను ఆపలేకపోయాను.

చార్జి మెమో వచ్చింది. మూడు నెలలకి జిల్లా ఆఫీసులో విచారణ పెట్టారు. విచారణాధికారి నాకంటే చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అటువంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

"మీ నిజాయితీని గౌరవిస్తాను మేడమ్. కానీ ఇది మీ ఒక్క బడి సంగతి కాదు. చూడకుండా సంతకం పెట్టానని మీరంటే మిగతా మండలాల సంతకాలు ఏమవుతాయి?"

"నేనూ అదే అడుగుతున్నాను సార్. ఏమవుతాయి?"

అతను చిన్నగా నవ్వి టైపు చేసిన కాగితం ఒకటి నా ముందుకి జరిపాడు. 'క్లస్టర్ స్థాయిలో అందిన తప్పుడు సమాచారం ఆధారంగా వివరాలు నమోదు కావడమైనది.' కింద నా పేరు, సంతకానికి చోటు. "దిద్దినట్టు ఆయనే రాసిచ్చాడు కదా. ఆయన్ని పంపించేస్తాం, బడి సంగతి తర్వాత చూస్తాం. మీరు హాయిగా రిటైరవ్వండి" అన్నాడు.

ఈ ఉద్యోగం పాడుగాను. గోడ గడియారం నాలుగూ ముక్కాలు చూపిస్తోంది. అయిదుకి ఫైలు పోవాలట. అదే కాగితం, అదే తొందర, అదే మనిషి లేని వాక్యం. మా సీఆర్‌పీ ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది. పశ్చాత్తాపపడ్డామని ఎలా తెలుస్తుందని అడిగితే, అదే అవకాశం మళ్ళీ వచ్చినప్పుడు ఆ పని చేయకపోతే తెలుస్తుంది మేడమ్ అన్నాడు. దేవుడు ఇంత త్వరగా, ఇంత అచ్చుగుద్దినట్టు ఆ అవకాశం తెచ్చి పెడతాడని నేననుకోలేదు.

"పెట్టను" అన్నాను.

"కారణం?"

"జీతం తీసుకున్న ప్రతి నెలా నా పేరు మీదే తీసుకున్నాను సార్. తప్పు మాత్రం ఎవరి పేరూ లేకుండా పోతానంటే ఎట్లా పోనిస్తాను?"

"పెన్షను ఆగుతుంది మేడమ్."

"ఆగనివ్వండి. ఇంకో మాట రాసుకోండి. నా తప్పు నేను ఒప్పుకున్నంత మాత్రాన మీ తప్పు మాసిపోలేదు. ఆ బడికి ఏనాడూ సమయానికి గ్రాంటు ఇవ్వలేదు. రేకు వేయలేదు, నీళ్ళివ్వలేదు, రెండో టీచర్నివ్వలేదు. ఏళ్ళ తరబడి ఎండగట్టి, చివరికి పిల్లలు తక్కువయ్యారని మూశాం. అందులో నా వాటా నేను రాసిచ్చాను. మీ వాటా ఎవరు రాస్తారో నాకు తెలియదు, కానీ ఆ పాలెం వాళ్ళకి అడగడం వచ్చేసింది. రేపు మీ దగ్గరికే వస్తారు. నేనే తీసుకొస్తాను."

అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు. నేను చాలా ధీమాగా నడిచి బయటికొచ్చాను. వరండాలో కూజా దగ్గర మూడు గ్లాసుల నీళ్ళు తాగాను, సగం చీర మీద పోసుకున్నాను. 

అన్నట్టే పాలెం ఆడవాళ్ళని తీసుకుని వెళ్ళాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారికి ముగ్గురధికారుల బృందం కాలువ చూడటానికి బయల్దేరింది. పడవాయన వేటకెళ్ళాడు. గంటసేపు గట్టు మీద నిలబడ్డారు. నేను నా గొడుగు తెరిచి వాళ్ళ పక్కనే నిలబడ్డాను. ఇంజనీరు బూట్లు చేత పట్టుకుని తెప్ప ఎక్కడం చూసినందుకైనా నా చార్జి మెమోకి న్యాయం జరిగిందనుకున్నాను. వాళ్ళ నివేదికలో 'కాలువ ఉన్నట్లు గుర్తించడమైనది' అని వచ్చింది. తెల్లదొరలు తవ్విన కాలువ. ఇన్నాళ్ళకి గుర్తించబడింది.

జూన్లో పాలెం బడి తెరిచారు. వలలు తీసేశారు, రేకు వేశారు, పాత టీచరమ్మనే పంపారు. నేను అప్పటికే రిటైరయ్యాను, మెమో తేలకుండానే. పెన్షను కొంత ఆగింది, ఇప్పటికీ ఫైలు ఎక్కడో ఉంది. మా సీఆర్‌పీకి కాంట్రాక్టు పొడిగించలేదు. గుంటూరు వైపు వెళ్ళిపోయి ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్తున్నాడు. అక్కడ శనివారం సెలవివ్వడానికి ఒప్పుకున్నారట. అతని ఉద్యోగం పోయిన బాధ నాకు ఇప్పటికీ తీరలేదు. ఆ సంగతి అతన్ని క్షమించమని అడిగాను. ఒక్కసారికే క్షమించేశాడు, నేను రెండోసారి అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. తర్వాత, "పాలెం మూడోసారి వెళ్ళారా మేడమ్?" అన్నాడు.

మర్నాడు వెళ్ళాను. బళ్ళోంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల మాత్రం బళ్ళో లేదు. రెండేళ్ళు పోయాయి, అయిదు దాకే ఉన్న ఆ బళ్ళో ఆమెకిప్పుడు చోటు లేదు. వయసు ప్రకారం అవతలి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరాలి, నాలుగో తరగతి లెక్కలు రాకుండా. సిగ్గేసి పోనందట. నేను తెరిపించిన బడి ఈ పిల్లకి తప్ప అందరికీ తెరుచుకుంది.

తల్లి ముందు నిలబడ్డాను. "మీ పాప చదువు పోగొట్టింది నేను. నన్ను క్షమించు" అన్నాను. ఈసారి ఏడవలేదు.

 "బడి తెరిపించినావు. కాదన్ను. కానీ నా బిడ్డకి ఏం తెరిచినావు? క్షమించను మేడమ్. మూడుసార్లు అడిగినావు గదా, ఇంక నీమీద ఏం లేదంట. ఆ సారు చెప్పినాడు. నీకు తీరిపోయింది. పో."

నిజమే, నియమం ప్రకారం నాకు తీరిపోయింది. ఆ మాట వినగానే, ఎందుకో తెలియదు, నాకు మొండితనం వచ్చింది. ఎవరికి తీరింది? గుమ్మంలో కూర్చున్న పిల్ల వైపు తిరిగి, "టీచరమ్మ ఎంతదాకా చెప్పింది నీకు?" అని అడిగాను.

పిల్ల తన తల్లి మొహంలోకి చూసింది. తల్లి చేపల మీదికి వంగింది.

"భాగహారం కాడ ఆగిపోయింది. ఒకంకెది వచ్చు. రెండంకెలది రాదు."

చెప్పులు విప్పి ఆ పిల్ల పక్కన గుమ్మంలో కూర్చున్నాను. కాగితం ఉందా అంటే లేదంది. తల్లి లేచి లోపలికెళ్ళి, పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి తెచ్చి, నా ఒళ్ళో పడేసింది. వెనక తెల్లగా ఉంది. నా పెన్ను పిల్ల చేతికిచ్చి, డెబ్బై రెండుని పన్నెండుతో భాగించమన్నాను. చాలాసేపు పట్టింది. రెండుసార్లు తప్పు పోయింది, మూడోసారి ఆరు అని రాసి నా మొహంలోకి చూసింది.

తల్లి చేపల దగ్గర్నుంచి తల ఎత్తకుండానే అంది. "క్షమించినానని అనుకోబాక. రేపు తొమ్మిదికల్లా రా. ఎండెక్కితే అది చేపలకాడికి రావాల."